పగటి అంగడికి హద్దులు

తూర్పుకు: రహమతుల్లా జెరాక్సు అంగడి.
పడమరకు: మూసేసిన లాటరీ గది, తుప్పు తాళం.
ఉత్తరానికి: కడప రిజిస్ట్రారాఫీసు ప్రహరీ,
దాని నీడలో నా బల్ల, నా స్టాంపుల పెట్టె.
దక్షిణానికి: మురిక్కాలువ, పైన నాపరాయి,
రాయి మీద నాలుగు ప్లాస్టిక్కు కుర్చీలు.
నడుమ, పీరమ్మ తైవాను హోటలు.

ముప్పయ్యేండ్లుగా దస్తావేజులు రాస్తున్నా.
ఇంత చిన్న జాగాలో ఇంత దూరం పట్టడం
యాడా చూడలా.

పొద్దున ఎనిమిదికి షట్టరు లేస్తుంది,
నాలుక్కు దిగుతుంది.
రాత్రి కూడా తెరవమని బ్యాంకోళ్లు అడిగినారు,
కోచింగు పిల్లోళ్లు బతిమాలినారు.
"పదకొండేండ్లు చెప్పుల ఫ్యాక్టరీ క్యాంటీన్లో
నైటు షిఫ్టుకు వండినా నాయనా,
ఇంక చీకటి నాది" అంటుంది.

ఆ ఫ్యాక్టరీలోనే దొరికింది చెన్నమ్మ.
అసలు పేరు చెన్. కుట్టు లైన్లకు పెద్ద.
సముద్రాలు దాటొచ్చిన మనిషి
మనోళ్ల నోట్లో పడి
ఎర్రగుంట్ల ఆడపడుచైపోయింది.

ఒక వానాకాలం ఆమెకు జరం.
సంగటి మింగుడు పడలా, చారుకు దగ్గొచ్చె.
చేతులు తిప్పి తిప్పి చెప్పి చేయించుకుంది:
మెతుకు మెతుకూ కరిగిన గంజి,
పైన ఒక ఊరగాయ ముక్క.
ఇదేందబ్బా, మా అవ్వ కరువులో తాగిందే గదా
అనుకుందట పీరమ్మ.
సాక్షి సంతకాల్లేకుండా
ఆ ఒప్పందం అట్ల జరిగిపోయింది.

గోడ మీద వంటల పేర్లు రాసింది నేనే,
నా అక్షరం గుండ్రంగా ఉంటుందని.
సోయా పులుసులో మగ్గిన మాంసం, అన్నం మీద.
అక్కడ పంది, ఇక్కడ పొట్టేలు,
పొయ్యి పక్కన దస్తగిరి ఉండాడు గనక.
ఉల్లికాడల పొరల రొట్టె.
చల్లటి పాల టీ, అడుగున నల్లని సగ్గుబియ్యం.
గుమాస్తా శేషశయనం మొదటి దినం
"పాయసంలో బెల్లం మాడిందే" అన్నాడు.
మూడో దినం నుంచి రెండు గ్లాసులు.

దస్తగిరి అనాసపండు ముద్దను పిండిలో దాచి
అగ్గిపెట్టెలంత బిళ్లలు కాలుస్తాడు.
పక్క దబరలో అనాసపువ్వు మరుగుతా ఉంటుంది.
ఆ పండుకూ ఈ పువ్వుకూ చుట్టరికం లేదు,
చెట్టు వేరు, నేల వేరు.
ఎవరో మన పాతకాలపు మనిషి
వాసన చూసో, పొరపాటు పడో
ఇద్దరికీ ఒకే ఇంటిపేరు పెట్టినాడు.
ఈ సంగతి చెన్నమ్మకు ఫోనులో విప్పి చెప్పలేక
దస్తగిరి నెల దినాలు తిప్పలు పడినాడు.

ఈ పొద్దు నలభై మూడు డిగ్రీలు.
సర్వరు డౌను.
వేంపల్లె నుంచి ఇద్దరు అన్నదమ్ములు
భాగపరిష్కారానికి వచ్చి
పొద్దుట్నుంచి నా బల్లకు చెరో కొస.
ఎండకు ఓర్వలేక పీరమ్మ కుర్చీల్లోకి పోయినారు.
టీ నీళ్లలో ఉడికిన గుడ్లు పెట్టింది.
పెద్దాయన పెంకు ఒలిచినాడు.
తెల్లని ఒంటి నిండా గోధుమ రంగు గీతలు.
"మన చెరువు కింది చేను మాదిరుండాదే."
"బీటలన్నీ నీకే రాసినార్లే" అన్నాడు చిన్నాయన.
నవ్వినారో లేదో, నాకు సరిగా కనపడలా.
ఉప్పు గిన్నె మాత్రం
ఇటు నుంచి అటు జరిగింది.

మూడున్నరకు ఫోను మోగింది.
అక్కడ పొద్దు గూకుతా ఉంటుంది,
చెన్నమ్మ వెనకాల కిటికీలో వాన.
పీరమ్మ ఫోనును దబర మీదికి వంచింది.
ఆవిరికి మసక కమ్మింది,
కొంగుతో తుడిచి మళ్లా వంచింది.
ఆరేండ్లు ఈడ ఉండి
ఆమె వెంట తీసుకుపోయిన తెలుగు ఒక్క మాట:
"ఉప్పు?"

రహమతుల్లా, శేషశయనం, వేంపల్లె అన్నదమ్ములు, నేను,
చెంచాలు నోట్లో ఉండగానే
"సరిపోయింది" అన్నాం.

రవంత తక్కువే ఈ పూట.